కానిస్టేబుల్ జగ్గారావు కుర్చీ

జగ్గారావు మధ్యాహ్నం అన్నం నిలబడి తింటాడన్న సంగతి, పదో తరగతి పరీక్షలు రాసి పట్నం వచ్చేదాకా గౌరీశ్వరికి తెలియదు. అప్పటిదాకా ఆమె చీపురుపల్లి అవతల పల్లెలో అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకుంది. తండ్రి ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. వచ్చినప్పుడు లుంగీ కట్టుకుని, పీట వాల్చుకుని, అందరి నాన్నల్లాగే తిని, అందరి నాన్నల్లాగే పులుసులో ఉప్పు తక్కువైందనేవాడు. పోలీసంటే ఇంతేగా అనుకుంది గౌరి.

విశాఖపట్నం పోలీసు లైన్లలో వాళ్ళది వరుసలో చివరి ఇల్లు. ఒక గది, దాని వెనక వంటిల్లు, ముందు మూడడుగుల వసారా. జగ్గారావుకి హార్బరు రోడ్డు కూడలిలో ట్రాఫిక్ డ్యూటీ. ఖనిజం లారీలు, పోర్టు కూలీల సైకిళ్ళు, చేపల గంపలు మోసుకెళ్ళే రిక్షాలు, అన్నిటికీ ఆయన చెయ్యి చూపించాలి. మధ్యాహ్నం అరగంట విడిచిపెడతారు. సైకిలు మీద రావడానికి పది నిమిషాలు, పోవడానికి పది. మిగిలిన పది నిమిషాల్లో బూట్లు విప్పి, పిక్కలకు చుట్టిన పట్టీలు విప్పి, తిని, చెయ్యి కడుక్కుని, మళ్ళీ పట్టీలు మడత నలగకుండా చుట్టుకోవడం బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదు. బూట్లతో లోపలికి వద్దామంటే గుమ్మానికి ఎదురుగా దేవుడి గూడు. వసారాలో కింద కూలబడదామంటే మోకాళ్ళు మడత పడవు. అంచేత ఆయన వసారా స్తంభానికి వీపు ఆన్చి, ఎడమ అరచేతిలో కంచం పట్టుకుని, కుడిచేత్తో ముద్దలు కలుపుకుని తినేవాడు. ఇరవై రెండేళ్ళుగా అదే స్తంభం. ఆయన వీపు ఆనే చోట సున్నం ఊడి నున్నగా అయిపోయింది.

మొదటిరోజు గౌరి అది కళ్ళప్పగించి చూసింది. తల్లి దేముడమ్మ మాత్రం మజ్జిగ పోస్తూ తేలిగ్గా చెప్పింది.

"అలా సూత్తావేటే? మీ నాన్న గుర్రంలాటోడు. నిల్సుని తింటాడు, నిల్సునే కునుకు తీత్తాడు. పడుకుంటే నానే బయపడతాను, జొరమొచ్చిందేమోనని."

జగ్గారావు నవ్వాడు. ముద్ద గొంతుకి అడ్డం పడింది. నిలబడి తినేవాడికి నవ్వు కూడా కష్టమే.

గౌరికి ఆరోజు నుంచి ఒకటే కోరిక పట్టుకుంది. నాన్న కూర్చుని మధ్యాహ్నం అన్నం తినాలి. తను చూడాలి. చూస్తే చిన్న కోరికే. అయితే ఎవరితోనూ అనలేదు. ఆమెకు మనుషులతో మాట్లాడటమంటే గుండె దడ. కొత్తవాళ్ళు వస్తే తలుపు చాటుకి పోయేది. స్టేషన్లో వాడకుండా మిగిలిపోయిన పోయినేటి డైరీ ఒకటి నాన్న తెచ్చిస్తే, చెప్పదలచుకున్నదంతా అందులో రాసి పెట్టె అడుగున దాచుకునేది.

ఆ వేసవిలోనే తాళ్ళవీధి వర్తక సంఘం వారికి పోలీసుల మీద ప్రేమ పుట్టింది. ఆ ఏడాది వాళ్ళ వీధిలో ఒక్క దొంగతనం కూడా జరగలేదు. దానికి కారణం పోలీసుల కాపలానో, ఆ వీధి సామాను దొంగలకు నచ్చకపోవడమో తేల్చి చెప్పడం కష్టం. సంఘం కార్యదర్శి గురునాథరావు మటుకు పోలీసులనే తేల్చాడు. ఆయన బందరు వైపు నుంచి వచ్చి స్టీలు సామాన్ల కొట్టు పెట్టి స్థిరపడ్డ మనిషి. మంచివాడే. మంచి పని ఏది చేసినా పదిమందీ చూస్తుండగా చేయాలన్నది ఒక్కటే ఆయన పట్టుదల.

"పోలీసు కుటుంబాలకు పౌర సన్మానం" అని కరపత్రాలు వేయించి, ఓ సాయంత్రం ఆయనే స్వయంగా లైన్లకు వచ్చాడు. సన్మానానికి ఎంపికైన అయిదుగురు కానిస్టేబుళ్ళలో జగ్గారావు ఒకడు. ఇరవై రెండేళ్ళు ఒకే కూడలిలో నిలబడ్డవాడు జిల్లాలో ఇంకొకడు లేడట.

"మీ ఆయన గురించి నాలుగు మాటలు రాసివ్వండమ్మా, స్టేజీ మీద చదువుతాం," అన్నాడు గురునాథరావు.

"నాకు రాత రాదు బావూ. మా గుంట పది సదివింది, అది రాత్తాది," అంది దేముడమ్మ.

తలుపు చాటు నుంచి చెయ్యి ఒకటి వచ్చి కాగితం అందుకుంది. అరగంట పోయాక అదే చెయ్యి, డైరీలోంచి చింపిన పుట ఒకటి బయటికి చాచింది. గురునాథరావు వసారాలోనే చదివాడు. 'మా నాన్నగారు ఇరవై రెండు సంవత్సరాలుగా నిలబడి ఉన్నారు. బూట్లు విప్పే సమయం లేక మధ్యాహ్న భోజనం కూడా నిలబడే చేస్తారు. మా ఇంట కుర్చీ లేదు. ఆయన కూర్చుని భోజనం చేస్తుండగా చూడాలని నా కోరిక.'

చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నిజంగానే ఆయన కళ్ళు చెమర్చాయి.

"అమ్మాయీ, నీ కోరిక మా సంఘం తీరుస్తుంది. మిగతా నలుగురికీ శాలువాలు. మీ నాన్నకి శాలువాతో పాటు కుర్చీ. టేకు కుర్చీ, చేతులున్నది," అన్నాడు తలుపుకేసి చూస్తూ.

తలుపు వెనక గౌరి కళ్ళు మూసుకుని ఆ కుర్చీని వసారాలో వేసి చూసుకుంది. సరిపోతుంది. బూట్లు విప్పక్కర్లేదు.

సన్మానం అంటే మాటలు కాదు, పనులు. షామియానా వేయడానికి మనుషులు కావాలి. ఇన్‌స్పెక్టరు గారు కానిస్టేబుళ్ళను పంపారు. కూర్చోవడానికి బెంచీలు కావాలి. స్టేషను బెంచీలు వెళ్ళాయి. వాయించడానికి పోలీసు బ్యాండు వచ్చింది. తినడానికి పులిహోర కావాలి. బియ్యం, చింతపండు సంఘం ఇచ్చింది గనక వండే పుణ్యం పోలీసు కుటుంబాలకు దక్కింది. హెడ్డు కానిస్టేబుల్ అర్జునరావు భార్య సూర్యకాంతమ్మ తెల్లవారుజామునే పొయ్యి రాజేసి, పొగకి కళ్ళు నలుపుకుంటూ అంది:

"ఒలే దేముడూ, మనకి సన్మానమంటే మనమే వొండుకోవాలని నానెరగనే. పెళ్ళికూతురు వొచ్చి వొంటసాలలో కూకున్నట్టుంది."

"ఊరుకో అప్పా. ఈ ఒక్కరోజేగా. మా ఇంటికి కుర్సీ వత్తాదిలే," అంది దేముడమ్మ.

"వత్తే మొదట నాను కూకుంటాను. పెద్దదాన్ని."

సభకు జనం వస్తారు. జనం వస్తే తొక్కిసలాట. తొక్కిసలాటకు బందోబస్తు. కనుక సన్మానం పొందబోయే అయిదుగురి పేర్లూ బందోబస్తు డ్యూటీ జాబితాలో కూడా పడ్డాయి. ఇన్‌స్పెక్టరు గారు జగ్గారావుని పిలిచి విడమరిచి చెప్పారు. "నీకు గేటు డ్యూటీ. పేరు పిలిచినప్పుడు స్టేజెక్కు. అయ్యాక మళ్ళీ గేటుకి పో. శాలువాతో నిలబడకు, యూనిఫారం మీద బాగోదు."

ఆదివారం సాయంత్రం అయిదింటికి సభ. మే నెల ఉక్కకి సముద్రం కూడా ఊపిరి బిగబట్టినట్టుంది. ముందు వరుస బెంచీల మీద 'పోలీసు కుటుంబములకు' అని కాగితాలు అంటించారు. వర్తకుల కుటుంబాలు ముందుగా వచ్చి అక్కడ కూర్చున్నాయి. వాళ్ళది తప్పని ఎవరూ అనలేరు, వాళ్ళు వచ్చేసరికి ఆ బెంచీలు ఖాళీగానే ఉన్నాయి. పోలీసు కుటుంబాలు వెనక పులిహోర గంగాళాల దగ్గరున్నాయి కదా. ఒకావిడ మర్యాదకి సగం లేవబోతే దేముడమ్మే వారించింది.

"కూకోండమ్మా. నిల్సోడం మాకలవాటే."

స్టేజీ మీద, ఎర్ర రిబ్బను కట్టి, కుర్చీ ఉంది. గౌరి షామియానా గుంజ పక్కన నిలబడి దాన్నే చూస్తోంది. నున్నటి చేతులు, అల్లిన బెత్తం, వెడల్పాటి వీపు. నాన్న వీపుకి సరిగ్గా సరిపోయేంత. గేటు దగ్గర జగ్గారావు కూడా మధ్య మధ్య అటు చూసి, ఎవరైనా గమనిస్తారేమోనని చూపు రోడ్డు మీదికి తిప్పుకుంటున్నాడు.

ముఖ్య అతిథి ఏడింటికి వచ్చాడు. ఆయన వెనకే, ఎవరూ పిలవకుండా, సిమెంటు కాంట్రాక్టరు సన్యాసిరాజు గారు వచ్చారు. రాబోయే స్టీలు ప్లాంటుకి సగం సిమెంటు తనదే అవుతుందని చెప్పుకునే పెద్దమనిషి. స్టేజీ మీద కుర్చీలు లెక్కకి సరిపడానే ఉన్నాయి. సన్యాసిరాజు గారు నిలబడ్డారు. సంఘం వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గురునాథరావు ఒక్క క్షణం తటపటాయించి, రిబ్బను ముడి విప్పి, కుర్చీ ముందుకు జరిపి తువ్వాలుతో దులిపాడు.

"దయచేయండి."

ఆయన దయచేశారు. భారీ మనిషి. కుర్చీ ఒకసారి మూలిగి ఊరుకుంది. గుంజ పక్కన గౌరి గుండె కూడా అంతే చేసింది.

ఉపన్యాసాలు అయ్యాయి. పోలీసులు నిద్రపోకపోవడం వల్ల మనం నిద్రపోతున్నామని ముఖ్య అతిథి చెబుతుంటే ముందు వరుసలో ఇద్దరు అప్పటికే నిద్రపోయారు. తర్వాత గురునాథరావు గౌరి రాసిన కాగితం విప్పి, మైకు దగ్గరగా లాక్కుని, వణికే గొంతుతో చదివాడు. 'మా ఇంట కుర్చీ లేదు' అన్నచోట ఆగి, మళ్ళీ చదివాడు. జనం చప్పట్లు కొట్టారు. గేటు దగ్గర జగ్గారావు తల దించుకుని బూటు మొనతో ఇసక గీకాడు. గౌరి గుంజ వెనక్కి పూర్తిగా జరిగిపోయింది. డైరీలో రాసుకున్నది మైకులో వింటే ఇలా ఉంటుందని తెలిస్తే రాసేదే కాదు.

"శ్రీ జగ్గారావు గారికి ఇప్పుడు కుర్చీ బహూకరణ," అన్నాడు గురునాథరావు.

జగ్గారావు స్టేజెక్కి సెల్యూట్ చేశాడు. శాలువా కప్పారు. చెమట ధారలు కట్టింది. కుర్చీ తీసుకుందామంటే అందులో సన్యాసిరాజు గారున్నారు. లేవమనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆయనకు లేవాలని తోచలేదు. ఫోటో తీసేవాడు తొందర పెడుతున్నాడు.

"కుర్చీ మీద చెయ్యి వేయవయ్యా, చాలు," అని గొణిగాడు గురునాథరావు.

జగ్గారావు కుర్చీ వెనక నిలబడి, దాని వీపు మీద చెయ్యి వేశాడు. ఫోటో పడింది. తర్వాత అది గురునాథరావు కొట్లో గోడకెక్కింది. చూసినవాళ్ళెవరైనా సన్యాసిరాజు గారికి సన్మానం జరిగిందనీ, వెనకున్నది ఆయన అంగరక్షకుడనీ అనుకుంటారు.

పులిహోర బందోబస్తు వాళ్ళ వంతు వచ్చేసరికి అయిపోయింది. జగ్గారావు శాలువా మడిచి, కుర్చీని తలకిందులుగా సైకిలు క్యారియరు మీద కట్టి, సైకిలు నడిపించుకుంటూ ఇంటికి తెచ్చాడు. వెనక గౌరి, కుర్చీ కాలు ఒకటి పట్టుకుని నడిచింది.

మర్నాడు పొద్దున్నే లైన్లలో ఆడవాళ్ళంతా వచ్చి కుర్చీని చూశారు. సూర్యకాంతమ్మ అన్నంత పనీ చేసి, ఒకసారి కూర్చుని, "బాగున్నాదే, నడుంకి ఆసరా సిక్కినాది," అని లేచింది. దేముడమ్మ వంజరం చేపల పులుసు పెట్టింది. గౌరి కుర్చీని వసారాలో స్తంభం పక్కన వేసి, నాలుగుసార్లు తుడిచి, గోడ గడియారం కేసి చూస్తూ కూర్చుంది, కిందే.

జగ్గారావు వచ్చాడు. సైకిలు స్టాండు వేశాడు. కుర్చీని చూశాడు, కూతుర్ని చూశాడు. ప్యాంటు వెనక రెండు చేతులతో దులుపుకున్నాడు, కొత్త కుర్చీకి దుమ్ము అంటకుండా. దాని చేతులు రెండూ పట్టుకుని మెల్లగా వంగాడు. ఇంకా ఆనలేదు.

"అన్నా," అని వీధిలోంచి కేక.

స్టేషను నుంచి కానిస్టేబుల్ అప్పలసూరి సైకిలు దిగకుండానే ఒంటికాలి మీద ఆగాడు. "ఇన్‌స్పెక్టరుగోరు ఆ కుర్సీ అట్టుకు రమ్మన్నారు. రేపు పెద్దాపీసరు తనికీ. మన టేసన్లో వొచ్చినోళ్ళు కూకునే కుర్సీ కాలిరిగిపోనాది కదా. రెండ్రోజులే అన్నారు."

వంగిన జగ్గారావు వంగినట్టే లేచి నిటారుగా నిలబడ్డాడు.

"మీ అన్న తినేక అట్టుకెల్దువు గానిలే సూరీ," అంది దేముడమ్మ.

"తనికీ పద్దెనిమిది గంటల్లో ఉన్నాదొదినా. కుర్సీ తుడవాల, రంగెయ్యాల. నాను ఆగితే నాకు మెమో ఇత్తారు."

"అట్టుకెల్లు, అట్టుకెల్లు," అన్నాడు జగ్గారావు. స్తంభానికి ఆనుకుని, ఎడమ చేతిలోకి కంచం తీసుకున్నాడు. "ఒరే సూరీ, కాళ్ళు పైకెట్టి కట్టు. బెత్తం సిరిగిపోద్ది."

పులుసు బాగుందని ఆరోజు ఆయన అనలేదు. ఉప్పు తక్కువైందని కూడా అనలేదు.

తనిఖీ బాగా జరిగింది. పెద్ద ఆఫీసరు కుర్చీని మెచ్చుకున్నాడట. మెచ్చుకున్నాక అది స్టేషను ఆస్తి కాదని చెప్పడం బాగుండదు కదా. వీపు మీద తెల్లరంగుతో స్టేషను నంబరు వేయించారు. ఆ అంకెలు జగ్గారావే వేశాడు, స్టేషన్లో ఆయన చేతిరాతే గుండ్రంగా ఉంటుందని. రెండ్రోజులు నలభై రోజులయ్యాయి. దేముడమ్మ రెండుసార్లు అడిగింది. "ఇత్తారులే," అన్నాడు రెండుసార్లూ. మూడోసారి ఆమె అడగలేదు.

సన్మానం జరిగిన మనిషి ఎండలో నిలబడితే బాగుండదని ఇన్‌స్పెక్టరు గారు దయతలచి జగ్గారావుకి కూడలి తప్పించి స్టేషను డ్యూటీ వేశారు. అక్కడ నీడలో నిలబడాలి. మధ్యాహ్నం ఇంటికి వదలడం మాత్రం మానేశారు. అంచేత క్యారేజీ మోసే పని గౌరికి పడింది. రోజూ తల వంచుకుని వెళ్ళడం, గుమ్మం పక్కన క్యారేజీ పెట్టడం, ఖాళీది తీసుకుని తల వంచుకుని రావడం. తండ్రి తలుపు వెనక నిలబడి తింటాడని ఆమెకు తెలుసు. చూడటం ఇష్టంలేక చూసేది కాదు.

ఒకరోజు గుమ్మం దగ్గర తలెత్తక తప్పలేదు, లోపలినుంచి తెలిసిన గొంతు వినిపించింది.

ఇన్‌స్పెక్టరు గారు తన గదికి తాళం పెట్టి, జీపు వేసుకుని ఎటో వెళ్ళారు. సన్మానానికి వెళ్ళిన బెంచీలు ఇంకా తిరిగి రాలేదు. కుర్చీలో గురునాథరావు కూర్చుని ఉన్నాడు, కాలు మీద కాలు వేసుకుని. ఆయన ఎదుట జగ్గారావు బల్ల మీదికి వంగి, నిలబడి, ఫిర్యాదు రాసుకుంటున్నాడు.

"ఎవడో ముసలాడయ్యా. పొద్దస్తమానం నా కొట్టు మెట్ల మీద కూర్చుంటున్నాడు. అడిగితే కాళ్ళు నొప్పులంటాడు. వ్యాపారం చేసుకునే చోట అలా కూర్చుంటే ఎలా? మీరొకసారి వచ్చి లేపాలి."

"కూకోడం నేరం కింద రాదు బాబూ," అన్నాడు జగ్గారావు నెమ్మదిగా.

"రానిదాన్ని వచ్చేట్టు రాయవయ్యా. నీకు తెలియని సెక్షన్లా."

అని తల తిప్పి గురునాథరావు గుమ్మంలో క్యారేజీ పట్టుకున్న గౌరిని చూశాడు. ఆయన మొహం వెలిగింది. "జగ్గారావు గారి అమ్మాయివి కదూ. ఎంత బాగా రాశావమ్మా ఆ కాగితం. మీ నాన్నకి కుర్చీ ఇప్పించాం, గుర్తుందా?" అంటూ ఆ కుర్చీ చేతి మీద ప్రేమగా తట్టాడు.

 గౌరి వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనే అనుకుంది.  అయినా మాట బయటికి వచ్చేసింది, పట్నం వచ్చాక ఇల్లు దాటి ఆమె ఆడిన మొదటి మాట.

"గుర్తుందండి. మీరు కాసేపు లెగండి. మా నాన్న అన్నం తినాల."

కసువు ఊడ్చేవాళ్ళు కాళ్ళెత్తమంటే ఎత్తినట్టు, గురునాథరావు ఆలోచించకుండానే లేచాడు. లేచాక ఆలోచించాడు గానీ, అప్పటికి గౌరి కుర్చీని బల్ల దగ్గరికి జరిపేసింది.

"ఒసే, ఊరుకో. తప్పు," అన్నాడు జగ్గారావు.

"కూకో నాన్నా. బూట్లు ఇప్పక్కర్లేదు."

జగ్గారావు రోడ్డు కేసి చూశాడు. జీపు లేదు. గురునాథరావు కేసి చూశాడు. ప్యాంటు వెనక రెండు చేతులతో దులుపుకున్నాడు. కూర్చున్నాడు. ఆఫీసరు ఎదుట కూర్చున్నట్టు అంచు మీద, వీపు ఆనకుండా. మొదటి ముద్ద అలాగే తిన్నాడు. మూడో ముద్దకి వీపు కాస్త వెనక్కి వెళ్ళింది. తెల్లరంగు నంబరు ఆయన ఖాకీ చొక్కా వెనక దాగిపోయింది. అయిదో ముద్దకి, "ఉప్పు తక్కువైనట్టున్నాది," అన్నాడు.

గౌరి నవ్వాపుకుంది.

గురునాథరావు కుడికాలి మీది బరువు ఎడమకాలి మీద వేశాడు. కాసేపటికి ఎడమకాలి నుంచి కుడికాలికి మార్చాడు. గొడుగు ఊతగా పట్టుకున్నాడు. గోడకి ఆనుకున్నాడు.

"ఇంకో కుర్చీ లేదా ఇక్కడ?"

జగ్గారావు కంగారుగా లేవబోయాడు. గౌరి చెయ్యి ఆయన భుజం మీద పడింది.

"లేదండి. ఇదొక్కటే. మీరిచ్చిందే."

గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. కూరన్నం అయింది. చారన్నం అయింది. గురునాథరావు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"ఎంతసేపమ్మా ఇంకా? కాళ్ళు పీకేస్తున్నాయి," అన్నాడు.

గౌరి క్యారేజీ అడుగు గిన్నె మూత తాపీగా తీసింది.

"పెరుగన్నం ఉందండి ఇంకా."